బండిలో పెట్రోల్ ఎందుకు తగ్గింది

నాచారం,
ఆదివారం

చెల్లెలు శిరీషకు అక్క దీవెనలు.

మనిషి తనకు తానే చేటు చేసుకుంటుంటే చేతిలోది లాక్కోవడం ముందా, ఎందుకని అడగడం ముందా? నాన్న తాగే రోజుల్లో అమ్మ సీసాలు దాచేది, ఆయన వెతుక్కునేవాడు. అప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. కాలేజీలో ఇన్నేళ్లుగా సమాజశాస్త్రం చెబుతున్నా జవాబు దొరకలేదు. నీ ఉత్తరం చదివాక అది మళ్లీ లేచి కూర్చుంది.

ఇక్కడ అందరం క్షేమం అనే రాయాలి కదా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. లాలాపేట్ దాకా పోయి, బీరకాయలు చేదున్నాయని కొట్టువాడితో పోట్లాడి మరీ వస్తోంది. నువ్వు నర్సు ఉద్యోగానికి వెళ్తూ నా దగ్గర వదిలిన నీ బిడ్డ పూర్ణిమ, తప్పిన ఇంటర్ పరీక్ష మళ్లీ రాయడానికి ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్‌కు పోతోంది. దాని సంగతి కింద రాస్తాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. నువ్వుండే ఆ ఆస్ట్రేలియా ఎర్రమట్టి ఊళ్లలో ఆదివాసీ పిల్లలు పెట్రోల్ పీల్చి పాడవుతుంటే, సర్కారు పెట్రోల్‌నే మార్చి, మత్తు తక్కువుండే రకం పంపిందని రాశావు. పీల్చేవాళ్లు చాలా తగ్గారన్నావు. ఇది సర్కారు చేసిన మేలేనా అక్కా అని అడిగావు. మేలే. కానీ నీ క్లినిక్‌కు వచ్చే ముసలమ్మ "మేం ఏళ్ల తరబడి అడిగితే గానీ రాలేదు" అందని రాసింది కూడా నువ్వే. ఆ పెట్రోల్ మాకొద్దన్న బంకులూ ఉన్నాయట. సర్కారు కదలకముందే అక్కడి పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని, దూరంగా ఉన్న తమ తాతల నేలకు తీసుకుపోయి, వేట నేర్పి, పక్కనే పడుకున్నారట. ఆ ముక్క దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇక్కడా పెట్రోల్ మార్చారు గానీ పిల్లల కోసం కాదు. మీ బావ బండిలో కొంతకాలంగా పెట్రోల్ నిలవడం లేదు. "గా ఇథనాల్ కలిపినంక మైలేజ్ మొత్తం పాయె" అని కొన్నాళ్లు తిట్టారు. తర్వాత అనుమానం ఉప్పల్ బంకు మీదికి మళ్లింది. నేనూ వెనక కూర్చునే ఉన్నాను.

"ఏం తమ్మీ, మీటర్ల జీరో సూపిచ్చి గాలి కొడుతున్నవా?"

"పెట్రోలే కొట్టిన అన్నా. నీ బండే మస్తు తాగుతున్నట్టుంది, జర మెకానిక్‌కు సూపియ్యి."

"నేనే తాగ, నా బండెందుకు తాగుతది!"

ఇంటికొచ్చి చెబితే పూర్ణిమ కూడా నవ్వింది. అప్పటి నుంచి ఆయన పీర్జాదిగూడ దాకా పోయి కొట్టించుకుంటున్నారు.

శిరీషా, బంకువాడి తప్పు లేదు. ఇథనాల్ తప్పూ లేదు. మొన్న కోచింగ్ వేళ దాటినా పూర్ణిమ పైకి రాలేదని కిందికి దిగాను. పార్కింగ్‌లో బండి వెనక, గోడకు ఆనుకుని కూర్చుంది. చున్నీ ముక్కుకు అదుముకుని ఉంది. గుప్పున పెట్రోల్ వాసన. నన్ను చూసి, ఎవరో కొత్తవాళ్లను చూసినట్టు నవ్వింది.

అప్పుడు నేను అచ్చం అమ్మలాగే చేశాను. మీ బావను, బండి తను పనిచేసే ఫ్యాక్టరీలోనే ఉంచి రమ్మన్నాను. రంగు డబ్బాలు, గోళ్ల రంగు, జిగురు, అన్నీ బయట పారేశాను. "ఏందే కళా, ఇంటికి సున్నమేపిస్తున్నవా ఏంది?" అంది అమ్మ. ఆమెకు ఇంకా తెలియదు.

మర్నాడు గానీ పిల్లను అడగలేదు.

"ఎందుకే బిడ్డా?"

"ఏమో పెద్దమ్మా. జర సేపు ఫికర్ ఆగుతది."

"ఏం ఫికర్?"

"మళ్ల ఫెయిలైతనేమోనని. అమ్మ నా సదువు కోసమే గంత దూరం పోయిందని అందరంటరు గదా." మళ్లీ తనే అంది, "అమ్మకు జెప్పకు. గక్కడి పిల్లల లెక్క నన్ను గూడ పేషెంట్‌ను జేస్తది."

చెప్పనని మాటిచ్చాను. ఈ ఉత్తరంతో తప్పుతున్నాను. ఫోన్‌లో అయితే అది పక్కనే ఉంటుంది.

డాక్టరమ్మకు చూపించాను. ఇప్పుడే ఆపితే నయమవుతుందంది. సర్కారు దవాఖానాలో చేర్చుకుంటారట. లేదా ఇంట్లోనే ఉంచుకోవచ్చు, కానీ ఎవరో ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలట. అందుకే కాలేజీకి సెలవు పెట్టాను. సాయంత్రాలు ఇద్దరం నడుస్తున్నాం. ఆ పెద్దల్లాగా తీసుకుపోదామంటే మన తాత పొలం మీద ఇప్పుడు ఫ్యాక్టరీ ఉంది. ఆ గోడ వెంబడే నడుస్తున్నాం. నిన్న తనే అడిగింది, "తాత గీడ ఏమేసెటోడు?" అని. జొన్నలు అన్నాను. గోడ మీద చెయ్యి రాసుకుంటూ చివరిదాకా నడిచింది.

నువ్వొస్తే, తన వల్లే అమ్మ ఉద్యోగం పోయిందని ఆ భారం కూడా నెత్తిన వేసుకుంటుంది. రాకపోతే, ఊరివాళ్ల పిల్లల్ని చూసే అమ్మ తనను చూడటానికి రాలేదనుకుంటుంది. వెంటనే రమ్మని ఒకసారి రాశాను, కొట్టేశాను. అక్కడే ఉండు, నేను చూసుకుంటానని రాశాను, అదీ కొట్టేశాను. ఏది రాయాలో నాకు తేలడం లేదు.

ఇట్లు,
నీ బిడ్డ పక్కనే కూర్చున్న
మీ అక్క, సూర్యకళ