డ్యూయీ మలిచిన తోకరెక్కలు

డెట్రాయిట్, 1960 నవంబరు

అమ్మా, మేం కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు.

కొత్త కార్లకి వెనక చేప తోకలా లేచే తోకరెక్కలు వద్దన్నారట కంపెనీవాళ్ళు. మట్టి నమూనా మీద మీ అల్లుడు డ్యూయీ మలిచిన రెక్కల్ని మొన్న అతని చేతే గీకి తీసేయించారు. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"వచ్చే ఏడు మళ్ళీ పెడతారులే" అన్నాను.

"ఇక పెట్టరు ఓపల్. నన్నూ శుక్రవారం దాకానే రమ్మన్నారు" అన్నాడు.

ఇదివరకు వీధిలో తను రెక్కలు మలిచిన పాత మోడల్ కారు ఎదురైతే, క్రోము మెరుపు కనుమరుగయ్యేదాకా నిలబడి చూసేవాడు. ఇప్పుడు తల వంచుకుని పోతున్నాడు.

తమ్ముడి వడ్రంగి కొట్లో మనిషి కావాలేమో అడుగు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఆపిల్ ముక్కలు ఎండబెట్టావా?

నాన్నకి మాత్రం ఈ సంగతి చెప్పకు. చర్చి ముందు ఆ కారు ఆగినప్పుడల్లా "ఆ రెక్కలు మా అల్లుడు చేసినవే" అంటాడుగా, అననీ.

మీ దీవెనలు కోరే
ఓపల్