గోల్‌కీపర్‌కి కుర్చీ

బావమరిదికి బావ ఆశీస్సులు.

సీరియల్ షూటింగు వదిలి గ్రౌండుకి రాలేకపోతున్నా. మ్యాచులన్నీ మీ అక్క మా ఎడిటింగ్ గదిలో టేపు చేయించి చూపిస్తోంది. టీవీవాడికి ఫుట్‌బాల్ జట్టెందుకని నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించావురా! మన గోల్‌కీపర్ మాత్రం ఏ పనీ చేయట్లేదు. అతన్ని పెట్టుకుని ఏం లాభం?

ఇట్లు,
నీ బావ

తా.క.: అతని బదులు గోల్స్ వేసేవాణ్ణి ఇంకొకణ్ణి దించు.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఎత్తిపొడుపు అర్థమైంది. తప్పేదైనా ఉంటే కోచ్‌గా నాది. కీపర్‌ని ఏమీ అనకండి. నలభై దాటినా, మోకాళ్ళకి కట్లు కట్టుకుని అందరికన్నా ముందు గ్రౌండుకొస్తాడు. మీ ఉత్తరం వినిపిస్తే గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

మీ బావమరిది

తా.క.: ఇంకొకడా? ఉన్నవాళ్ళకే గోల్ ఎటుందో రోజూ చూపించాల్సి వస్తోంది.

*

ఓరి పిచ్చివాడా,

మెచ్చుకుంటే ఎత్తిపొడుపంటావేం? నిండుకుండ తొణకదంటారు, నీ వినయం అలాగే ఉంది. టేపుల నిండా మనవాళ్ళు గోల్ వేయడం, ఎగిరి కౌగిలించుకోవడం, అంతే కదా! పనిలేక నిలబడ్డ మనిషిని చూస్తే నాకు జాలి. అందుకే కీపర్‌కి ఓ కుర్చీ పంపుతున్నా. సీరియల్లో మామగారు కూర్చునేది, మెత్తగా ఉంటుంది.

ప్రేమతో,
నీ బావ

తా.క.: కప్పులు పెట్టుకోవడానికి అద్దాల బీరువా కూడా అదే లారీలో వస్తోంది.

*

యజమానిగారికి,

కుర్చీ చేరింది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఎనిమిది మ్యాచులు ఓడి అట్టడుగున ఉన్నాం. శనివారం ఆఖరి మ్యాచ్ కూడా ఓడితే మనల్ని లీగులోంచి గెంటేస్తారు. పన్నెండేళ్ళు పెంచుకున్న జట్టండీ ఇది, నా బతుకే ఇది. గెలిచినా ఓడినా ఆ సాయంత్రంతో నేను తప్పుకుంటున్నా. రాజీనామా జతపరిచాను. అక్కకి నేనే చెప్పుకుంటా.

ఇట్లు,
తమ కోచ్

తా.క.: బీరువాలో ఆటగాళ్ళు తడి మేజోళ్ళు ఆరేసుకుంటున్నారు. అద్దాల్లోంచి బాగానే కనిపిస్తున్నాయి.

*

ఒరేయ్ బావమరిదీ,

రాజీనామా చింపేశా. ఎనిమిది ఓడామా అని మీ అక్కని నిలదీస్తే నిజం ఒప్పుకుంది. అవతలివాళ్ళు వేసిన గోల్స్ అన్నీ తనే కత్తిరించేయించిందట! "మీకా బీపీ, వాడికా రోషం, మధ్యలో నేనేం చేయను?" అని నన్నే అడిగింది.

నిన్న షూటింగు ఆపేసి, టోపీ పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నా. ఆఖరి నిమిషంలో బంతి మన గోల్ వైపు దూసుకొస్తుంటే తట్టుకోలేక లేచి "కట్!" అని అరిచా. ఒక్కడూ ఆగలేదు. ఆ పెద్దమనిషి మోకాళ్ళ కట్లతోనే గాల్లోకి లేచి బంతిని గుండెకి హత్తుకున్నాడు. సున్నా, సున్నా! ఓడలేదు, జట్టు నిలిచింది. సీరియళ్ళతో ఊళ్ళో వాళ్ళందర్నీ ఏడిపించి బతికినవాణ్ణి, నిన్న పక్కవాడి రుమాలు అడుక్కున్నా. నీ మనసు కష్టపెట్టాను, తప్పయిపోయిందిరా. కీపర్‌కి నేనే వచ్చి చెప్పుకుంటా.

కుర్చీ మాత్రం వెంటనే పంపు. నాలుగు ఎపిసోడ్లుగా మామగారు నిలబడే ఉన్నాడు.

ఎప్పటికీ
నీ బావ

తా.క.: ఇరవై ఏళ్ళుగా నా సీరియళ్ళకొచ్చే ఉత్తరాలు కూడా మీ అక్కే ఏరి ఇస్తోంది. ఒక్కదాంట్లోనూ తిట్టు లేదు. ఇవాళ అటక మీద మూడు గోనెసంచులు దొరికాయి. విప్పడానికి ధైర్యం చాలట్లేదు, నువ్వొచ్చి పక్కన కూర్చోరా.