మోచేతి మోటారు

ప్రియమైన అత్తయ్యకు,

ఫోన్‌లో మనిద్దరం ఊఁ కొట్టుకుంటూ కూర్చుంటున్నాం, ఉత్తరాలైనా రాసుకుందామన్నారు మీరు. సరే, నేనే మొదలుపెడుతున్నాను.

చదువు బాగానే సాగుతోంది. నేను చేస్తున్న మెకట్రానిక్ సిస్టమ్స్ డిజైన్‌ని మామయ్య పక్కింటాయనకి ‘రోబోల చదువు’ అని చెప్పారట. అలాగే అనుకోనివ్వండి. ఇనుము, మోటారు, సెన్సర్, ప్రోగ్రాం, ఈ నాలుగూ ఒకే కడుపున పుట్టినట్టు కలిసి పనిచేసేలా యంత్రాన్ని తయారుచెయ్యాలి. చెప్పుకోవడానికి తేలికే.

మీ అబ్బాయి పోయాక, ఆయన చదివిన చోటే చేరతానన్నప్పుడు మా అమ్మ వద్దంది, మీరు వెళ్లమన్నారు. ఇక్కడికొచ్చాక ఎవరూ నన్ను ప్రత్యేకంగా చూడట్లేదు. అది మంచిదే. ఈరోజు మాత్రం గైడ్ మేడం అల్మరా తాళం తీసి ఆయన సగంలో వదిలిన పని చూపించారు. తమంతట తాము స్పూను ఎత్తుకోలేని వాళ్లకి తినిపించే యంత్రపు చెయ్యి. భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉన్నాయి. ఆయన గ్రౌండులో ఆడుతూ గుండె ఆగి పడిపోయిన రోజు నుంచి అది ఆ అల్మరాలోనే ఉంది.

“నీ థీసిస్‌కి ఇది తీసుకుంటావా? తీసుకోవాలని ఏమీ లేదు” అన్నారు మేడం.

తీసుకుంటానన్నాను. దాన్ని చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు అత్తయ్యా. అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత క్లాసుకి వెళ్లిపోయాను.

మీ
కోడలు

* * *

అమ్మాయికి,

నీ ఉత్తరం చేరింది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తిట్టుకోకుండా చదువుకో. స్టీరింగ్ పట్టుకునే చేతికి పెన్ను నిలవడం లేదు.

నాకు రూటు మార్చారు. ఇప్పుడు ఆసుపత్రి మీదుగా రైల్వే స్టేషన్ దాకా. బస్సు కొత్తది. తలుపులు పాము బుస కొట్టినట్టు మూసుకుంటాయి. మీ మామయ్య కుట్టుమిషన్ పక్కన రేడియో గట్టిగా పెడుతున్నారు. ఆయనేం వింటున్నారో ఆయనకే తెలీదు. నేనేమీ అనట్లేదు. డ్యూటీకి వెళ్తున్నా, వస్తున్నా, తింటున్నా, పడుకుంటున్నా. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే బానే ఉన్నానంటున్నా. అబద్ధమని కూడా అనిపించట్లేదు. చెక్కకి ఏం తెలుస్తుంది, అలా ఉంది.

ఆ చెయ్యి సంగతి రాస్తూ ఉండు. ఎంతవరకు వచ్చిందో ప్రతి ఉత్తరంలోనూ రాయి. మర్చిపోకు.

వేళకి తిను.

మీ
అత్తయ్య

* * *

ప్రియమైన అత్తయ్యకు,

అడిగారు కదా, అందుకని ముందు చెయ్యి గురించే రాస్తాను.

అది వణుకుతోంది. గిన్నెలోంచి స్పూను బాగానే ఎత్తుతుంది. నోటి దగ్గరికి వచ్చి ఆగాల్సిన చోట ఆగదు. కొంచెం ముందుకి వెళ్తుంది, తప్పు తెలుసుకుని వెనక్కి వస్తుంది, ఎక్కువ వెనక్కి వచ్చానని మళ్లీ ముందుకి వెళ్తుంది. ప్రోగ్రాంలో అంకెలు మార్చి నెమ్మది చేస్తే వణుకు తగ్గుతుంది. కానీ అప్పుడు సూపు నోటికి చేరేసరికి చల్లారిపోతుంది. వేగం పెంచితే మళ్లీ మొదలు. సెలవు రోజుల్లో కూడా ల్యాబ్‌లో దానితోనే కూర్చుంటున్నాను. ఇంకో పనేం ఉంది కనక.

పోయిన వారం దాన్ని పెద్దవాళ్లుండే హోమ్‌కి తీసుకెళ్లాం. అక్కడ లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. రెండు చేతులూ లేవవు. మాటల్లో మాత్రం ఆవిడదే రాజ్యం. స్పూను దగ్గరికి వచ్చి గజగజలాడి సూపంతా ఆవిడ మెడ మీద పోసింది.

“ఏమ్మా, దీనికి చలిజ్వరమా?” అన్నారావిడ.

అందరూ నవ్వారు. నేను తుడుస్తూ సారీ చెప్పాను.

“సారీ ఎందుకు, మళ్లీ పట్టుకురా. నేనెక్కడికీ పోను. కానీ అమ్మా, నాకు పొద్దున్నే ఆకలేస్తుంది. నర్సు తీరిక చేసుకుని వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అది గుర్తుపెట్టుకుని చెయ్యి” అన్నారు.

ఆ మాట విన్నాను. లోపలికి వెళ్లిందో లేదో తెలీదు. ఈ మధ్య ఏ మాటైనా గోడ అవతల నుంచి విన్నట్టే ఉంటోంది.

మీ
కోడలు

* * *

అమ్మాయికి,

వణికితే వణకనీ. పూర్తి చెయ్యి. వాడు మొదలుపెట్టింది నీ చేతుల మీదుగా పూర్తవడం కంటే కావాల్సిందేముంది. పని అయ్యాక ఫోటో తీసి పంపు, ఫ్రేము కట్టించి హాల్లో పెడతా. మీ మామయ్యకి కూడా చెప్పా. ఆయన తల ఊపారు.

ఇక్కడ కొత్త విశేషాలేం లేవు.

మీ
అత్తయ్య

* * *

ప్రియమైన అత్తయ్యకు,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలీక చాలా రోజులు ఊరుకున్నాను.

నేను మార్చని అంకె లేదు. కొత్త సెన్సర్ పెట్టాను. వణుకు పోలేదు. చివరికి మేడం నా లెక్కలన్నీ ముందు పెట్టుకుని, “ఇనుము చేసిన తప్పుని ప్రోగ్రాంతో కప్పెట్టాలని చూస్తున్నావు” అన్నారు.

తప్పు ఎక్కడుందో నాకు అప్పటికే తెలుసు. మోటారు మోచేతి దగ్గరే ఉంది. అది బరువు. చాచిన చేతికి సంచీ తగిలించినట్టు. అంత బరువుని ఆపాలంటే ఏ చెయ్యైనా వణుకుతుంది. మోటార్ని కిందకి, భుజం దగ్గరికి దించి, అక్కడి నుంచి బెల్టుతో మోచేతిని తిప్పితే చెయ్యి తేలికవుతుంది. కానీ అలా చెయ్యాలంటే ఆయన చేసినది మొత్తం విప్పెయ్యాలి. భుజం తప్ప ఏదీ మిగలదు. డ్రాయింగ్ కూడా మొదటి గీత నుంచి నేనే గియ్యాలి.

ఆయన ఉండి ఉంటే ఆయనే విప్పేసేవారని మేడం అన్నారు. అయి ఉండొచ్చు. ఆయన లేరు కదా, అడగడానికి మీరే ఉన్నారు. విప్పమంటారా? వద్దంటే ఇది ఇలాగే అల్మరాలో పెట్టేసి వేరే పని తీసుకుంటాను. మీరేది చెప్తే అది చేస్తాను.

మీ
కోడలు

* * *

ప్రియమైన అత్తయ్యకు,

మీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే మామయ్య ఎత్తి, మీరు డ్యూటీలో ఉన్నారన్నారు. చేసిన ప్రతిసారీ డ్యూటీలోనే ఉన్నారు.

చెయ్యి విప్పేశాను.

మీరు చెప్పేదాకా ఆగుదామనే అనుకున్నాను. కానీ మొన్న హోమ్‌కి వెళ్తే టీచరమ్మ చిక్కిపోయి ఉన్నారు. జోకులు కూడా వెయ్యలేదు. తిరిగొచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

ముందు మణికట్టు తీశాను, తర్వాత మోచెయ్యి. లోపల ఏదో దొరుకుతుందనుకున్నాను అత్తయ్యా. ఏదని అడక్కండి. ఆయన చేత్తో గీసిన గుర్తో, రాసిన అక్షరమో. ఏమీ లేదు. గ్రీజు ఉంది. ఒక మర సరిగ్గా బిగించలేదు. అంతే. అన్నీ విడివిడిగా ట్రేలో పెట్టి, చేతులు కడుక్కుని, డ్రాయింగ్ మొదలుపెట్టాను. ఇదంతా చేస్తుంటే నా చేతులు వణకలేదు. వణకనందుకే భయమేసింది.

ఇప్పుడు కొత్త చెయ్యి నిలబడింది. ఇంకా తినిపించట్లేదు గానీ ఆగమన్న చోట ఆగుతోంది. వచ్చే నెలాఖరున నా థీసిస్ పరీక్ష. నలుగురి ముందు నిలబడి చెప్పాలి.

మీరు నా మీద కోపంగా ఉంటే ఉన్నానని రాయండి. ఉత్తరం రాకపోవడం కంటే అది నయం.

మీ
కోడలు

* * *

నా తల్లికి,

కోపం లేదు. ముందు ఆ మాట చదువుకుని, ఒక గుక్క నీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు.

విప్పమంటారా అని నువ్వు అడిగిన ఉత్తరం డిపోలో నిలబడి చదివా. చదవగానే నా నోట్లోంచి వచ్చిన మాటేంటో తెలుసా? ‘అమ్మయ్య’. కన్నతల్లికి రావాల్సిన మాటా అది? అందుకే జవాబు రాయలేకపోయా. నీ ఫోనొస్తే మీ మామయ్యకి సైగ చేసేదాన్ని, డ్యూటీలో ఉందని చెప్పమని.

ఆ చెయ్యి నాకెందుకే పిల్లా! వాడికి చిన్నప్పటి నుంచీ ఏ వస్తువూ పూర్తి చేసే అలవాటు లేదు. ఎంతవరకు వచ్చిందో రాయమని నేనడిగింది నీ కోసం. నీకు పట్టుకోవడానికి అదొక్కటే ఉందనుకున్నా. అడక్కపోతే మనసు కష్టపెట్టుకుంటావనుకున్నా. నీ ప్రతి ఉత్తరాన్నీ విప్పకుండా రెండ్రోజులు పక్కన పెట్టేదాన్ని. ఫ్రేము కట్టిస్తానన్నా గానీ, ఆ ఫోటో హాల్లో పెట్టుకుని రోజూ ఎలా చూసేదాన్ని? నువ్వేమో నేనడుగుతున్నానని దాన్ని వదలకుండా కూర్చున్నావు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆ ఇనుముని మోశాం. తెలివైన వాళ్లమే.

ఇంకోటి చెప్పాలి. మొన్న ఆసుపత్రి స్టాపు దాటుతుంటే ఒక కుర్రాడు బస్సు వెనకాల పరిగెత్తుకొస్తున్నాడు. అద్దంలో కనిపించాడు. బ్రేకు వేసి కిందకి దిగా. నానా తిట్లూ తిట్టా. “వెనక ఇంకో బస్సు ఉందిగా! ఎందుకురా అంత పరుగు? గుండె ఆగిపోతే ఎవడు దిక్కురా నీ వాళ్లకి?” అని వాడి భుజాలు పట్టుకుని ఊపేశా. వాడు బిత్తరపోయి, “ఏం కాలేదు ఆంటీ, నాకేం కాలేదు” అంటూ నన్నే పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్లదీ కలిపి ఒక్కసారే. స్టేషన్ దాకా ఏడుస్తూనే నడిపా. దిగేటప్పుడు ఒకావిడ నా ఒళ్లో చేతిరుమాలు పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మీ మామయ్యకి చెప్పా. ఆయన లేచి రేడియో ఆపారు.

నీకు ఏడుపు రాకపోతే రాకపోనీ. దానికంటూ ఒక టైముంటుంది. తొందరపెట్టకు, భయపడకు. నువ్వు చేసింది నీది. అక్కడ నిలబడి ఇది నాదని చెప్పు. మా అబ్బాయి పేరు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు.

నీ పరీక్షకి సెలవు పెట్టా. మీ మామయ్య కూడా వస్తున్నారు. మీ మాటలు మాకు అర్థం కావు, వెనక వరసలో కూర్చుంటాం. రైలొద్దు, బస్సులోనే వస్తాం. ఎవరో నడుపుతుంటే కిటికీ పక్కన కూర్చుని వెళ్లాలని నాకెప్పటి నుంచో ఉంది. దారంతా నిద్రపోతానేమో. మేం దిగే చోట నువ్వు నిలబడి ఉండు.

మీ
అత్తయ్య