ముందు ఒకటే పళ్ళచక్రం

గాలివాన పిన్నికి,

సైకిలు అమ్మేయమని నువ్వు రాసిన చీటీ అందింది. అందిందని మాత్రమే చెబుతున్నాను, ఒప్పుకున్నానని కాదు. నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి నేనూ కాగితమే పట్టాను. ఫోనెత్తితే ప్రతివాళ్ళూ "చెయ్యెలా ఉంది" అనే అడుగుతున్నారని నీ కోపమట, అమ్మ చెప్పింది. సరే, నేను అడగను. ఆ ఆసుపత్రి హాస్టల్లో దుప్పట్లు గుచ్చుకుంటున్నాయా? కిటికీ ఉందా? ఉంటే దాని అద్దం ఎవరు బిగించారో గానీ వంకరగా ఉందని నువ్వు ఈపాటికి కనిపెట్టే ఉంటావు.

సైకిలు క్షేమం. ముందు గదిలో నువ్వు తగిలించిన కొక్కేనికే వేలాడుతోంది. అమ్మ ఒకరోజు దాని మీద తడి తువాలు ఆరేసింది. నేను గోల పెడితే, "తొక్కేవాళ్ళు లేని సైకిలు దండెం కాక ఇంకేమవుతుందే?" అంది. అన్నదే గానీ తువాలు తనే తీసేసింది, పైగా హ్యాండిలు కూడా తుడిచింది.

నువ్వు మాట్లాడి పెట్టిన పళ్ళ డాక్టరు వచ్చాడు. చక్రం తిప్పాడు, వంగి చైను దగ్గర ఒక్కో పన్నూ చూశాడు. కాసేపుంటే సైకిల్ని నోరు తెరవమంటాడేమో అనుకున్నాను. "బాగుంది, తీసుకెళ్తాను" అన్నాడు. "దానికి కొంచెం ఒంట్లో బాలేదండీ, వచ్చే నెల రండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి వెళ్ళాడు.

అది అబద్ధం కాదు పిన్నీ. నువ్వు బయల్దేరిన రోజు పొద్దున నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను, నువ్వు చూడలేదు. సైకిలు దించకుండానే ఎడమ లివరు మీద వేళ్ళు పెట్టావు. మడిచావు, బ్రేకు పడింది. గేరు మార్చడానికి అదే లివర్ని పక్కకి తొయ్యబోయావు. కదల్లేదు. భుజం పెట్టి తోశావు. అప్పుడూ కదల్లేదు. తర్వాత కుడి చేత్తో ఆ ఎడమ వేళ్ళని ఒక్కొక్కటే విప్పి తీసుకున్నావు, ఎవరో పరాయివాళ్ళ చేతిని విడిపించినట్టు. కిటికీ అద్దం జారి చేతి వెనక నరాలు తెగిన రోజు కూడా నువ్వు అలాంటి ముఖం పెట్టలేదు. ఆ రోజు నువ్వే మమ్మల్ని నవ్వించావు, "అద్దం కొలత తప్పు, నా చెయ్యి కొలత కాదు" అని.

నాకు నీ గురించి చాలా గర్వం. ఎదురుగా చెబితే "చాల్లే నక్క వినయాలు" అంటావని ఎప్పుడూ అనలేదు, కాగితం మీద భయం లేదు కాబట్టి రాస్తున్నాను. అద్దం కొయ్యడానికి నువ్వు దాని మీద గీత ఒక్కసారే గీస్తావు. రెండోసారి దాని మీద చెయ్యి పెట్టవు. మిగతావాళ్ళు గీసి, మళ్ళీ గీసి, అద్దాన్ని ఏడిపిస్తారు. సైకిలు తొక్కడమూ అంతే. నీళ్ళ ట్యాంకు ఎత్తు ఎక్కేటప్పుడు అందరూ సీటు మీంచి లేచి, ఒళ్ళంతా ఊపుతూ, దేనితోనో కుస్తీ పడుతున్నట్టు ఎక్కుతారు. నువ్వు కూర్చునే ఉంటావు. టక్ మని చిన్న చప్పుడు. అంతే, ముందున్న పెద్ద పళ్ళచక్రం మీంచి చిన్నదాని మీదికి చైను దిగుతుంది, నీ కాళ్ళు మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూ ఉంటాయి. వెనక నేను రొప్పుతూ వస్తూ ఆ టక్ కోసం చెవులు రిక్కించేదాన్ని.

ఆ టక్ అనిపించేది ఎడమ చెయ్యి. ఇప్పుడది మడవగలదు, తొయ్యలేదు. అందుకని నువ్వు సైకిల్ని పంపేస్తున్నావు.

నాకొక ఆలోచన వచ్చింది. ముందు రెండు పళ్ళచక్రాలు ఉంటేనే కదా ఎడమ చెయ్యి తొయ్యాల్సింది? ఒకటే ఉంటే? గేర్లన్నీ వెనక్కి పంపేస్తే అవి కుడి చేతివే. ఎడమ చేతికి మిగిలేది బ్రేకు ఒక్కటే. అది దానికి వచ్చు.

నీ అనుమతి అడగడం లేదు. తిట్టాలనుంటే ఉత్తరంలో తిట్టు, నాకు నాలుగు కొత్త మాటలైనా వస్తాయి.

నీ మిడత


పిన్నీ,

నువ్వు జవాబు రాయలేదు. కోపమైతే కోపమని రాయొచ్చుగా. సరే, నా పని నేను చెప్పుకుంటాను.

సైకిల్ని బోల్టు బాబాయి రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. సంగతి విని ఆయన చేతిలో పానా కింద పెట్టేశాడు. "రెండున్న దాన్ని ఒకటి చెయ్యడం బాగుచెయ్యడమా? రెండు కళ్ళుంటే, సరిగ్గా కనబడట్లేదని ఒకటి పీకించుకుంటావా?" అన్నాడు. పనిముట్లు మాత్రం ఇచ్చాడు. "పాడైతే నా పేరు చెప్పకు, బాగైతే చెప్పు" అన్నాడు.

నేనూ అమ్మా ముందు గదిలో పాత దుప్పటి పరిచి కూర్చున్నాం. హ్యాండిలు టేపు విప్పి ఎడమ గేరు తీగ లాగేశాను. అది పొడుగ్గా, జిడ్డుగా, నీ చెమట వాసనతో బయటికి వచ్చింది. చైనుని చిన్నదాని మీదికీ పెద్దదాని మీదికీ నెట్టే పంజరం లాంటి ముక్క ఉంటుంది చూడు, దాన్నీ విప్పేశాను. తర్వాత పళ్ళచక్రాల బోల్టులు. ఇక్కడే చిక్కు. ముందు నుంచి ఎలెన్ కీతో, అదే ఆ ఆరు మూలల వంకర కడ్డీతో, తిప్పుతుంటే వెనక ఉన్న నట్టు కూడా వెర్రిదానిలా దాంతోపాటే తిరుగుతుంది. దాని గాడిలో ఒకరు స్క్రూడ్రైవరు దూర్చి కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు తిప్పాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పట్టుకుంది.

"గట్టిగా అమ్మా!"

"గట్టిగానే పట్టుకున్నానే. మీ పిన్ని కూడా చిన్నప్పుడు ఇంతే, ప్రాణం తోడేసేది. 'అక్కా పట్టుకో, అక్కా వదలకు' అని. సైకిలు వెనక ఈ వీధి చివర దాకా పరిగెత్తించింది నన్ను."

"వదిలేశావా?"

"నేను వదల్లేదు. అదే వెళ్ళిపోయింది" అంది అమ్మ. నేను తర్వాతి బోల్టుకి కీ పెట్టాను.

నీకు పెద్దదంటే మక్కువ కదా అని చిన్నదాన్ని తీసేసి పెద్దదాన్నే ఉంచాను. అన్నీ బిగించాక చక్రం పట్టుకు ఊపితే లొడలొడ. ఎంత బిగించినా లొడలొడే. ఆ బోల్టులు రెండు చక్రాల మందానికి చేసినవి, ఒకదానికి పొడుగైపోయాయి. పొట్టి బోల్టులు తెచ్చుకున్నాను. తొక్కి చూద్దామని కాలువ వంతెన మీదికి వెళ్తే, వంతెన అతుకు దగ్గర ఒక్క కుదుపు, చైను ఊడి పడింది. పెడలు గాల్లో తిరిగింది, నేను రోడ్డు మీద కూర్చున్నాను. మోచెయ్యి కొంచెం చీరుకుంది. చెప్పుకోదగ్గ దెబ్బ కాదు, అయినా చెప్పుకుంటున్నాను.

"చెప్పానా!" అన్నాడు బోల్టు బాబాయి, ఆనందం దాచుకోకుండా. "ఆ పళ్ళు అరిగిపోయాయి. చూడు, కొన్ని పొట్టిగా లేవూ?"

పొట్టిగానే ఉన్నాయి. నేను ఒడిలో పెట్టుకుని వేలితో ఒక్కో పన్నూ తడిమాను. పొట్టివి ఎక్కడపడితే అక్కడ లేవు. సరిగ్గా ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి, వాటి పక్కనే లోపలి వైపు చిన్న మెట్టులా చెక్కి ఉంది. "బాబాయ్, అరుగుదల ఇంత పద్ధతిగా వస్తుందా?" అన్నాను. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. తిరిగి నా ఒడిలో పెట్టేశాడు.

అవి అరిగిన పళ్ళు కావు పిన్నీ. అలా పొట్టిగా చేసినవే. చిన్నదాని మీద నుంచి చైను ఎక్కాలన్నా, మళ్ళీ దిగాలన్నా ఆ పళ్ళు దారివ్వాలి. జంటలో ఉన్నంతకాలం వదలడమే దాని మంచితనం. ఒంటరిగా నిలబెట్టి, ఇప్పుడు పట్టుకో అంటే దానికి తెలియదు. నేను దాన్ని తప్పుబట్టాను గానీ, అది జీవితమంతా నేర్చుకున్నది వేరే పని.

ఒంటరిగా ఉండడానికే చేసిన చక్రాలు వేరే ఉన్నాయట. బోల్టు బాబాయి మూతి ముడుచుకునే, తెప్పిస్తానన్నాడు.

నీ మిడత

మోచెయ్యి ఎలా ఉందని మాత్రం అడక్కు.


పిన్నీ,

అయిపోయింది. ఈ మాట మూడుసార్లు రాసి చూసుకున్నాను, ఎంత బాగుందో.

కొత్త చక్రం పళ్ళు నీకు చూపించాలి. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి సన్నం. చైనులో కూడా ఒక సందు వెడల్పు, ఒక సందు ఇరుకు ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నూనె రాసిన చైను, ఒక్కరోజు సరిగ్గా చూడలేదు! లావు పన్ను వెడల్పు సందులో, సన్నపన్ను ఇరుకు సందులో కూర్చుంటే చైను ఇక ఊడదు. తొందరలో మొదట ఒక పన్ను పక్కకి వేశాను. చైను దిగదే! సుత్తి తెచ్చుకునే దాకా వెళ్ళాను. అమ్మ కుట్టు మిషను దగ్గర నుంచే, "గుండీ తప్పు కాజాలో పెట్టుంటావే, ఒకటి జరిపి చూడు" అంది. జరిపాను. తనంతట తనే దిగి కూర్చుంది. ఆ చప్పుడు నీ టక్ లాంటిది కాదు. అసలు చప్పుడే లేదు.

వెనక గేర్ల గుత్తి కూడా మార్చాం, అందులో పెద్దది అమ్మ అరచెయ్యంత ఉంది. చైను పొడుగెక్కువైతే కొంత కోసి, ముక్క నా పెన్నుల డబ్బాలో దాచాను. ముందు చక్రం మాత్రం దొరికిన వాటిలో అన్నిటికంటే చిన్నది వేయించాను, ముప్పై ఎనిమిది పళ్ళది. నీకు కొంచెం కూడా కష్టం కాకూడదని. ఆ వంతెన అతుకు మీద వెళ్ళాను, తిరిగి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. చైను కదల్లేదు. ఎడమ చెయ్యి బ్రేకు మీద ఊరికే ఉంచి నీళ్ళ ట్యాంకు ఎత్తు కూడా ఎక్కాను, కూర్చునే. ఎవరూ చూడలేదు, అదొక్కటే లోటు.

బోల్టు బాబాయి ఇప్పుడు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ "ముందు ఒకటి చాలండీ, నేనెప్పుడో అన్నాను" అని చెబుతున్నాడు.

ఇన్ని రాశాను గానీ నీ నుంచి ఒక్క ముక్క లేదు. అమ్మతో మాట్లాడినప్పుడు కూడా సైకిలు ఊసే ఎత్తలేదట. నాకు భయం వేస్తోంది. నీది కాని నిర్ణయం నీ వస్తువు మీద నేను తీసుకున్నాను. పోయిన దాన్ని గుర్తుచేసే వస్తువు గోడ మీద ఉండకూడదని నువ్వు గీత గీసుంటావు, నేను దాని మీద మళ్ళీ గీస్తున్నానేమో. ఆదివారం పళ్ళ డాక్టరు వస్తాడు. అప్పటికి నీ మాట రాకపోతే సైకిల్ని ఆయనకిచ్చేస్తాను. ఏడవను. ఆయన వెళ్ళాక సంగతి చెప్పలేను.

నీ మిడత


ఏమే మిడతా,

నువ్వు పరీక్ష హాల్లో ఉంటావని తెలిసే వచ్చాను. ఎదురుగా ఉంటే నా ముఖమే చూస్తూ కూర్చుంటావు, నాకు తొక్కబుద్ధి కాదు. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి, ఇంకా కొన్నాళ్ళు ఆసుపత్రిలో వేళ్ళకి రబ్బరు బ్యాండు వేసి సాగదీస్తూ కూర్చోవాలి. అందుకని ఈ కాగితం సీటు కింద దూర్చి వెళ్తున్నాను.

నీ ఉత్తరాలన్నీ చదివాను. జవాబు ఎందుకు రాయలేదంటే, ఏం రాసినా అబద్ధం అయ్యేది. వద్దని రాస్తే ఒక అబద్ధం, కావాలని రాస్తే ఇంకో అబద్ధం. ఎక్కి చూడకుండా నాకేం తెలుస్తుంది?

అక్క సైకిలు దించింది. నేను వద్దంటున్నా వెనక నుంచి సీటు పట్టుకుని వీధి చివర దాకా పరిగెత్తింది. ఈ వయసులో! పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. "వదులక్కా" అన్నాను. "నేను పట్టుకోలేదే, ఊరికే వస్తున్నా" అంది. అబద్ధాలకోరు.

ట్యాంకు ఎత్తు దగ్గర అలవాటు కొద్దీ ఎడమ వేలు లివర్ని తొయ్యడానికి వెళ్ళింది. అక్కడ ఇక తొయ్యాల్సిన పనే లేదు. వేలు వెళ్ళింది, ఊరికే ఆగింది. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి గ్లాసు, తలుపు గడియ, చొక్కా గుండీ, అన్నీ ఆ వేలిని ఏదో ఒకటి అడిగేవి, లేదనిపించుకునేవి. ఇది ఏమీ అడగలేదు. పైకి ఎక్కేసరికి ముక్కు కారుతోంది. గాలికి అనుకో.

నువ్వు తాళం వెతికే పిల్లవనుకున్నాను, తలుపే మార్చేశావు. పొట్టి పన్నుని తడిమి చూసి, అరుగుదల కాదని పట్టుకున్నావు చూడు, దానికి నిన్ను భుజాన ఎత్తుకుని తిప్పాలి. నా అద్దాల కొట్లో పదేళ్ళు పనిచేసినవాళ్ళు కూడా పగులు కనబడితే అద్దాన్ని తిడతారు గానీ వేలు పెట్టి చూడరు.

ఇక తిట్లు. కొత్త మాటలు కావాలన్నావుగా, రాసుకో.

ముప్పై ఎనిమిది పళ్ళా? ఎత్తు దిగేటప్పుడు నా కాళ్ళు మీ అమ్మ కుట్టు మిషను సూదిలా ఆడాయి, బండి మాత్రం ముసలమ్మలా దిగింది. పాలవాడు నన్ను దాటి వెళ్ళాడు, పైగా గంట కొట్టి! దెబ్బ తగిలింది నా చేతికే తింగరిదానా. కాళ్ళేం పాపం చేశాయి? నీకు జాలి వేసి అంత చిన్నది వేయించావని చదివినప్పుడే ఒళ్ళు మండింది, తొక్కాక ఇంకా మండింది. నలభై రెండు పళ్ళది తెప్పించమని ఆ బోల్టుకి చెప్పు. పెన్నుల డబ్బాలో దాచిన చైను ముక్క పారేయకు, పెద్ద చక్రానికి చైను చాలక అది మళ్ళీ కలపాల్సి వస్తుంది.

పళ్ళ డాక్టరు ఆదివారం వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. ముప్పై ఎనిమిది పళ్ళ సెట్టు ఒకటి మిగలబోతోంది, కావాలంటే తీసుకెళ్ళమను.

కొత్త చక్రం వచ్చాక నువ్వు ఒక్కదానివే కూర్చుని బిగించకు, అక్కని పిలవకు. నేను వచ్చేదాకా ఆగు. నువ్వు ముందు నుంచి తిప్పు, వెనక నట్టు నేను పట్టుకుంటాను.

ఎడమ చేత్తో.

నీ గాలివాన