మడమ కింద కాగితం

వంటిల్లు, మలంచ, ఖరగ్‌పూర్
మంగళవారం, ఉదయం 8-10

చిరంజీవి నిఖిలేష్‌కి,

వంటింట్లోంచి ముందుగదికి మామ్మ బాలాంబ పంపే ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం అడగక్కర్లేదు, మూలుగు గోడ ఇవతలికి బాగానే వినిపిస్తోంది.

పదకొండు అడుగుల దూరంలో ఉన్న మనవడికి ఉత్తరమేటని దాలమ్మ నవ్వుతోంది. పనిలో చేరి రెండు నెలలే కదా, దానికి మన ఇంటి ఆచారం తెలీదు. మీ తాత రామమూర్తిగారు ముప్ఫయ్యారేళ్ళు గూడ్సు గార్డు. రైల్వేలో నోటిమాట చెల్లదు, టైము వేసి సంతకం పెట్టి మెమో ఇవ్వాలని, ఇంట్లో కూడా అదే రూలు పెట్టినారు. తగువొస్తే మాటలు బంద్, మెమోలు చాలూ. ఒకసారి పులుసులో ఉప్పు మీద పదిహేడు మెమోలు నడిచినాయి.

నువ్వు ఆఫీసు ట్రైనింగని చెప్పి ఢిల్లీ వెళ్ళి, బంగారంలాంటి కాళ్ళు రెండూ కోయించుకుని, ఇనుప చట్రాలు బిగించుకుని వీల్‌చైర్లో దిగినావు. పొడుగవడానికట! కనక ఈ తగువు కూడా మెమోల మీదే. నువ్వు నడిచి వంటింటి గుమ్మం దాకా వచ్చిననాడు నేను నోరు విప్పుతాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మా నాన్నా ఆద్రాలో ఉద్యోగాలు వదిలి రాలేరు కాబట్టి, ఫిజియో తీతూ దాదా నిన్న నాకే చెప్పినాడు. నువ్వు చట్రం మరలు తిప్పుతున్నావు గనక ఎముక రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతోంది. పిక్కకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పాత పొడుగులోనే ఉండి మడమని పైకి లాగేస్తోంది. ఈ శనివారం కాక పై శనివారం ఎక్స్‌రే. ఆలోగా మోకాలు వంగకుండా మడమ నేలకి ఆనిందా సరే, లేకపోతే వెనక నరం వదులు చెయ్యడానికి ఇంకో ఆపరేషను. రోజుకి నాలుగుసార్లు మర మాత్రం ఠంచనుగా తిప్పుతావు. వ్యాయామం అనేసరికి నిద్ర నటిస్తావు. ముప్ఫయ్యేళ్ళు రైల్వే స్కూల్లో పాఠం చెప్పినదాన్ని, నిద్ర నటించేవాళ్ళ కనురెప్పలు నాకు తెలుసు.

లేచి నిలబడు.

ఆశీస్సులతో, అంతకు మించిన కోపంతో,
మామ్మ

తా.క. ఎవరా అమ్మాయి? ఎత్తెంత?


ముందుగది
మంగళవారం, 11-40

పూజ్యురాలైన మామ్మకి,

మంచం మీంచే నమస్కారం. వంగడం కుదరదు, చట్రం ఒప్పుకోదు.

అమ్మాయి లేదు. కారణం రాస్తాను, నవ్వకు. నాకు ఇరవయ్యేడేళ్ళు. గోల్‌బజార్‌లో చేపలాయన నన్ను ఇప్పటికీ 'ఓ ఖోకా' అంటాడు, చిన్నబాబూ అని. ఇందాలో ఆటో ఎక్కితే 'ఖోకా, ఎక్టు సొరో' అని జరిపి, ఎవరిదో కూరల సంచి నా ఒళ్ళో పెడతారు. ఆఫీసు ఫోటోలో ప్రతి ఏడూ ముందువరసలో కూర్చోబెట్టి చేతికి పలక ఇస్తారు. ఇంటికొస్తే నువ్వు! 'వీడు అచ్చం తాత పోలిక, అక్కడితో ఆగిపోయినాడు' అని ఎన్నిసార్లు అన్నావు? పద్దెనిమిదో ఏట ఈ ముందుగది గుమ్మానికి ఆనించి నిలబెట్టి, ఆ చెక్క మీదున్న తాత ఎత్తు పెన్సిల్ గీతకి సరిగ్గా సరిపోయానని చప్పట్లు కొట్టినావు. తొమ్మిదేళ్ళుగా ఆ గీత కిందే ఉన్నాను మామ్మా.

నిద్ర నటన కాదు, భయం. నిలబడితే పిక్కని ఎవరో తడిబట్టలా పిండుతున్నట్టుంటుంది. ఎందుకు నిలబడాలో కనబడితే నిలబడతాను. రోజూ నన్ను ఆ గీత దగ్గర కొలిపించు. దాటినానని తెలిస్తే నొప్పిని నేను చూసుకుంటాను.

నీ మనవడు,
నిఖిల్

తా.క. దాలమ్మ మాట యథాతథంగా: "నేనేటి పోస్టుమేన్నా బాబూ? ఉత్తరానికొక టీ ఇస్తేనే మోస్తాను." పొయ్యి నీ దగ్గరుంది, నువ్వే చూసుకో.


వంటిల్లు
మంగళవారం, 12-25

చిరంజీవి ఖోకాకి,

అక్షింతలు జల్లి రాస్తున్నాను. తీతూ దాదా వాళ్ళ నాన్నని ఈ వీధిలో అందరూ ఖోకా అనే పిలుస్తారు. ఆయనకి అరవయ్యెనిమిదేళ్ళు, ఆరడుగులు. నీ చేపలాయన నోట్లో పన్ను లేదు, నన్ను 'మాషీమా' అంటాడు, పిన్నిగారూ అని. నేను వయసు కోయించుకోడానికి ఢిల్లీ వెళ్ళినానా? ఇంకో రెండు ముక్కలు కొసరు వేయించుకున్నాను.

'తాత పోలిక' అన్నది నీకు తిట్టులా వినిపించిందన్నమాట. దానికి జవాబు ఇప్పుడు రాయను.

కొలతకి ఒప్పుకున్నాను. ఉదయం ఏడింటికి. వాకర్ పట్టుకుని గుమ్మానికి వీపు ఆనించాలి. దాలమ్మ ఈ మెమో కాగితం నీ మడమ కింద దూర్చి చూస్తుంది. దూరిందా, ఆ రోజు కొలత చెల్లదు. తర్వాత నెత్తిన స్కేలు అడ్డంపెట్టి, గీతకి పైనున్నావో కిందున్నావో చెబుతుంది.

ఇట్లు,
మామ్మ

తా.క. టేపు అడగబోతున్నావని తెలుసు. కుట్టుపని సమూయేలు పట్టుకెళ్ళినాడు. ఎప్పుడు తెస్తాడో ఆ ప్రభువుకే తెలియాలి.


ముందుగది
ఆదివారం, 7-30

మామ్మకి కంగారుగా నమస్కారం.

ఘోరం జరిగింది. మొదటిరోజు మడమ కింద కాగితమేటి, అగ్గిపెట్టె దూరింది. రెండోరోజు మోకాళ్ళు వంచి మడమలు దింపినాను, గీతకి రెండు వేళ్ళు కిందకి పోయినాను. పోనీలే అనుకున్నాను. ఈవేళ ఐదోరోజు. పళ్ళు బిగించి మోకాళ్ళు చాపితే, కాగితం సగం దూరి ఆగిపోయింది. దాలమ్మ స్కేలు పెట్టి ఏటన్నదో తెలుసా? "బాబుగారు తాతగారికన్నా గోరంత పొట్టండీ."

ఆపరేషనుకి ముందు సమానం మామ్మా! ఎముకలు కోయించుకుని, తొమ్మిది మిల్లీమీటర్లు పెంచుకుని, నేను పొట్టయినానా? ఢిల్లీ డాక్టరుకి ఏటని రాయను?

దిగులుగా,
నిఖిల్

తా.క. గుమ్మం కింద రబ్బరు పొట్టు కనిపించింది. మనింట్లో ఎవరు బొమ్మలేస్తున్నారు?


వంటిల్లు
ఆదివారం, 8-15

చిరంజీవి నిఖిలేష్‌కి,

దీర్ఘాయుష్షు. దీర్ఘం అన్నది కాళ్ళకి కాదు, ఆయుష్షుకి.

డాక్టరుకేమీ రాయకు. మోకాలు దొంగతనంగా వంచేవాడికి ఎత్తెక్కణ్ణుంచి వస్తుంది? ఇంజను ప్లాట్‌ఫారం మీదకి వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదు, చివరనున్న నా పెట్టె కూడా రావాలని మీ తాత అనేవారు. నీ ఎముక ఇంజను, మడమ గార్డు పెట్టె. అదింకా ఔటర్ సిగ్నల్ దగ్గరే ఉంది. నిన్న తీతూ దాదా నీ పాదం పట్టి చూసి "ఠాకూమా, ఖూబ్ భాలో!" అన్నాడు, చాలా బాగుందని. నా ముందర అన్నాడు. నీ ముందర అంటే నువ్వు మళ్ళీ పడుకుంటావని నేనే వద్దన్నాను.

ఇట్లు,
మామ్మ

తా.క. రబ్బరు పొట్టు దాలమ్మ మనవరాలి హోంవర్కుది.


ముందుగది
శుక్రవారం, 3-40

మామ్మకి నిరసనతో కూడిన నమస్కారం.

పదోరోజు. కాగితం మూల కూడా దూరలేదు. మోకాళ్ళు నిటారు, మడమలు నేలకి మేకు కొట్టినట్టున్నాయి. అయినా గోరంత కిందే! రేపు ఎక్స్‌రే. ఇక అడిగేస్తున్నాను. మధ్యాహ్నం మందుల మత్తులో నేను పడుకున్నప్పుడు ఎవరో నా మరలు వెనక్కి తిప్పుతున్నారు. ఈ ఇంట్లో స్పానర్ పట్టడం వచ్చినది ఒక్కర్తే. స్కూలుకి సైకిల్ మీద పోయి, దారిలో చైను తనే బిగించుకునేదని ఊరంతా చెప్పుకుంటారు.

ఈ సాయంత్రం నుంచి నాలుగుసార్లు కాదు, ఎనిమిదిసార్లు తిప్పుతాను. పోయిన ఎత్తు నేనే రాబట్టుకుంటాను.

పట్టుదలతో,
నిఖిల్

తా.క. సమూయేలు పట్టుకెళ్ళిన టేపు మినప్పప్పు డబ్బాలో దొరికిందని దాలమ్మ చెప్పింది. సమూయేలు కూడా అందులోనే ఉన్నాడేమో కాస్త చూడు, పాపం.


వంటిల్లు
శుక్రవారం, 4-05
అతి జరూరు

ఒరే నిఖిలూ,

ఆశీస్సులు తర్వాత. ముందు ఆ స్పానర్ దాలమ్మ చేతికియ్యి. రెట్టింపు తిప్పితే కొత్త ఎముక పోసుకోదు, నరాలు దెబ్బతింటాయి అని తీతూ దాదా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినాడు. ఇచ్చినావా? ఇప్పుడు చదువు.

నీ మరలు నేను ముట్టుకోలేదు. ముట్టుకున్నది గీతని. రోజూ తెల్లవారి ఐదింటికి వచ్చి, మీ తాత గీత రబ్బరుతో చెరిపి, నువ్వెంత పెరిగినావో అంత పైకి, దానిమీద ఇంకో గోరంత పైకి గీసినాను. దాలమ్మ నోటికి టీ తాళం వేసినాను. వ్యాయామం చెయ్యరా అంటే నిద్రపోయినావు. గీత అందలేదంటే మాత్రం పౌరుషమొచ్చి రోజూ కొయ్యలా నిలబడినావు. ఆ మడమలు దించింది పౌరుషమే. నలభయ్యొక్కేళ్ళ కాపురంలో ఒక్క మిల్లీమీటరు పెరగని మనిషిని పదిరోజుల్లో పద్నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు పెంచినాను. ఆయనే ఉండి ఉంటే నాకు ఛార్జిషీటు ఇచ్చేవారు.

అసలు గీత పోలేదు. చెరిపే ముందే, కేలెండర్ వెనక గోడమీద అదే ఎత్తులో ఇంకోటి గీసి ఉంచినాను. నువ్వు దాన్ని ఏనాడో దాటినావు.

ఆ రోజు రాయనన్న జవాబు కూడా రాసేస్తున్నాను. నేను మీ తాతకన్నా రెండంగుళాలు పొడుగు. పెళ్ళి ఫోటోకి మావాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన కుర్చీ తీయించేసినారు. "ఆవిడ నిలబడితేనే బాగుంటుంది" అన్నారు. ఆ ఎత్తుకి తల వంచి నలభయ్యొక్కేళ్ళు మాట్లాడినాను, ఒక్కనాడు మెడ నొప్పెట్టలేదు. నీలో ఆ ఎత్తు కనిపించినప్పుడల్లా నాకు ముచ్చటేసి అనేదాన్ని. అది నీ నెత్తి మీద బరువవుతోందని తెలుసుకోలేదు. తప్పు నాది. రాసిస్తున్నాను, చెల్లుతుంది.

మీ మామ్మ,
బాలాంబ

తా.క. ఎనిమిదిసార్లు తిప్పినావో, ఈసారి కాళ్ళు నేను విరగ్గొడతాను. ఢిల్లీ వెళ్ళక్కర్లేదు.


ముందుగది
శుక్రవారం, 4-40

మామ్మకి, ఈసారి నిలబడే నమస్కారం.

స్పానర్ దాలమ్మ కొంగుకి కట్టుకుంది. ఎనిమిదిసార్లు తిప్పాలని నేనెప్పుడూ అనుకోలేదు. గీత సంగతి నాకు ఆరోరోజు నుంచీ తెలుసు.

రబ్బరు పొట్టు చూసినాక మర్నాడు తెల్లవారి కళ్ళు సగం మూసుకుని కాపు కాసినాను. నువ్వు వచ్చినావు. కళ్ళజోడు పెట్టుకుని, గీత చెరుపుతూ, దానితో మాట్లాడినావు. "ఏవండీ, ఇంకొక్క మిల్లీమీటరు పైకి జరగండి. పిల్లాడు నిలబడాలి. నేను కోపంలో ఉన్నాను గానీ, మీరైనా కాస్త చూసుకోండి." అప్పటికి పది రోజులైంది మామ్మా నీ గొంతు విని. నాతో మాట్లాడనిదానివి, రోజూ ఐదింటికి తాతతో నా గురించే మాట్లాడేదానివి. మర్నాడు మళ్ళీ వినాలంటే గీత మళ్ళీ జరగాలి. గీత జరగాలంటే నేను నిలబడాలి. అందుకే నిలబడినాను. నొప్పి తక్కువేమీ లేదు.

ఎక్స్‌రే అయిపోతే ఆ ఐదింటి మాటలు కూడా ఆగిపోతాయని భయం వేసింది. ఎనిమిదిసార్లని బెదిరిస్తే అరుచుకుంటూ పరిగెత్తుకొస్తావనుకున్నాను. అప్పుడు కూడా కూర్చుని, టైము వేసి, మెమో రాసినావు! గార్డుగారి పెళ్ళానివి అనిపించుకున్నావు.

ఇంకొక సంగతి. నేను డాక్టర్ని అడిగింది ఐదు సెంటీమీటర్లు. అంటే రెండంగుళాలు. తాతకన్నా రెండంగుళాలు పొడుగెవరో ఇప్పుడే నువ్వు రాసినావు. కాబట్టి ఇకమీదట నన్ను మామ్మ పోలిక అనాలి.

నీ మనవడు,
నిఖిల్

తా.క. ఈ ఉత్తరం దాలమ్మ తేవడం లేదు. టీ తాగి తాగి దానికి నిద్ర పట్టడం లేదట. వాకర్ చప్పుడు వినిపిస్తోందా? పదకొండు అడుగులు, కాస్త టైము పడుతుంది, పొయ్యి కట్టెయ్యకు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి దీన్ని నీ చేతికే ఇస్తాను. చదివినాక ఇదే కాగితం నా మడమ కింద దూర్చి చూసుకో. దూరకపోతే జవాబు నోటితో చెప్పు.