ఒక్క గేరు బండి

కర్నూలు, 12-2-2006

నాయనకు, నేను బాగున్నాను. ఫోనులో నా గొంతు వింటే కంగారుపడతావని కార్డు రాస్తున్నాను.

కాలేజీ పోటీకి కడుతున్న రోబోకు నువ్వు పంపిన వైపరు మోటార్లే పెట్టాం, పోయిన చిన్నాయన లారీవి. రెండు గేర్లు కావాలని మా క్లాసు ధనుంజయ పట్టుబట్టాడు. "ఎత్తు ఎక్కేదానికి చిన్న గేరు, ఉరికేదానికి పెద్ద గేరు ఉండల్ల" అన్నాడు. కల్లూరులో లేత్ మిషను పని చేసే సుబ్బయ్య షెడ్డు ముందు నడిపి చూశాం. పక్కింటి గడప దగ్గరికి రాగానే, మేం స్విచ్చి నొక్కకుండానే చిన్న గేరులోకి దిగింది. నాలుగుసార్లూ అక్కడే. వైర్లు మార్చినా అంతే. చివరికి ఒక్క గేరు చాలన్న నా మాటే నెగ్గి చిన్న గేరు పీకేశాం.

నిన్న పట్టపగలు మళ్లీ నడిపాం. గడప ముందు అదే టక్కుమనే చప్పుడు, అదే నిదానం. సుబ్బయ్య పీకిన గేరు చక్రాన్ని చేతిలో పట్టుకొని, "దీంట్లో ఉండేది ఒగటే గేరు గదమ్మా, మల్ల ఏ గేరు దించినట్ల?" అన్నాడు.

అన్నిసార్లూ ఆ గడప మీద ఒక ముసలామె వీధిలోకి కాళ్లు చాపుకొని కూర్చుని ఉంది. మన అవ్వా అట్లాగే కూర్చునేదని, లారీలో ఎంత వేగంగా వచ్చినా చిన్నాయన మన గడప ముందు గేరు దించేవాడని నేను ఎవరికీ చెప్పలేదు.

అన్నంలోకి బుడ్డల పొడి అయిపోయింది, అమ్మతో చేయించి పంపు. బోరులో నీళ్లు వస్తున్నాయా? అందరికీ నా దండాలు.

పోటీ కాగానే రోబోను ఇంటికి తెస్తాను. చిన్నాయన పోయినప్పటి నుంచి అవ్వ గడప మీదికి రావడం లేదు కదా. ఆ ఒక్కరోజు కూర్చోబెట్టు.

సాహితి