అర్ధాంగి కాలి నరం

గౌరవనీయులైన ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అర్జీదారు: బస్సు డిపో వెనక సందులో దర్జీ దుకాణం నడుపుకొను కటింగ్ మాస్టరు గారి భార్య, అదే దుకాణంలో కుట్టుపని చేయునది.

విషయం: నా భర్తకు రెండోసారి గుండె బైపాస్ చేయుటకు కాలి నరము లేదని వెనక్కు పంపినందున, నా కాలి నరమును తీసి వాడుకొనవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నాకు అర్జీ రాయడం ఇదే మొదలు. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి మా దుకాణానికి వచ్చిన గుమాస్తా గారు పద్ధతి చెప్పారు. నంబర్లు వేయాలన్నారు. ఒక్కో నంబరు కింద ఒక్కటే సంగతి ఉండాలన్నారు. ఏడుపు రాయకూడదట, అధికారులకు ఏడుపు చదివే తీరిక ఉండదట. ఆ ప్రకారమే రాయుచున్నాను. ఎక్కడైనా తప్పితే మన్నించగలరు.

1. నా భర్త బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తారు. నేను కూర్చుని మిషను తొక్కుతాను. మా కాపురమంతా ఆ బల్లకూ ఈ మిషనుకూ మధ్యనే గడిచినది. నిలబడీ నిలబడీ ఆయన ఎడమ కాలి నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, పుండు పడగా, తమ ఆసుపత్రిలోనే ఆ నరమును లాగి పారవేసినారు. అప్పటికి అది పనికిరాని నరము. కావున ఆ విషయమై నాకు ఫిర్యాదు లేదు.

2. తదుపరి ఆయనకు గుండెపోటు రాగా, తమ ఆసుపత్రిలోనే బైపాస్ చేసినారు. కుడి కాలి నరమును చీలమండ నుంచి తొడ దాకా తీసి, ముక్కలు చేసి, గుండెలో దారి మూసుకున్న చోట్ల పక్కదారులు వేసినారు. ఛాతీలోని రక్తనాళం ఒకటి కూడా కలిపినారు. గుండె బాగుపడినది. కాలు చెడినది. కుట్లు విడిపోయి చీము పట్టింది. ఛాతీ గాయం మానిపోయి, ఆయన మెల్లగా దుకాణానికి రావడం మొదలుపెట్టిన తర్వాత కూడా కాలికి కట్టు మారుస్తూనే ఉన్నాను. "ఈ కుట్టు మన దుకాణంలో వేసి ఉంటే విప్పించి మళ్ళీ వేయించేవాణ్ణి" అని కట్టు కట్టే నర్సమ్మతో పరాచికాలాడేవారు. ఈ రోజుకీ సాయంత్రమయ్యేసరికి ఆ కాలు దిమ్మలా వాస్తుంది. చీలమండ లోపలి వైపు గిల్లినా తెలియదు. చెప్పులు రెండు జతలు కొని, పెద్ద జతలో కుడిదీ, చిన్న జతలో ఎడమదీ తొడుక్కుంటారు. "చూశావా, ఇచ్చినవాడికి తిప్పలు, పుచ్చుకున్నవాడు హాయిగా ఉన్నాడు" అని కాలినీ గుండెనీ చూపించి నవ్వేవారు.

3. పుచ్చుకున్నవాడు కూడా ఇప్పుడు హాయిగా లేడు. నాలుగు మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేస్తోంది. కత్తెర పట్టుకున్న చేయి మధ్యలో ఆగిపోతోంది. యాంజియోగ్రామ్ తీసి, కాలి నుంచి వేసిన నరం ముక్కలన్నీ మూసుకుపోయాయని పెద్ద డాక్టరు గారు నాకు బొమ్మ గీసి చూపించారు. కాలి నరానికి గుండె దగ్గరి ఒత్తిడి అలవాటు ఉండదట. ఏళ్ళు గడిచేకొద్దీ గోడలు మందమెక్కి దారి ఇరుకవుతుందట. ఛాతీ నాళం ఒక్కటే ఇంకా లాక్కొస్తోందట. మళ్ళీ బైపాస్ చేయాలంటే మళ్ళీ నరం కావాలి. ఎడమ కాలిది పారవేసినారు, కుడి కాలిది వాడేసినారు. చేతుల నరాలు సెలైన్ సూదులకు గట్టిపడిపోయాయి. మణికట్టు దగ్గరిది నొక్కి చూసి, అది తీస్తే వేళ్ళకు రక్తం చాలదన్నారు. "ఇంకెక్కడా లేదమ్మా. మందులతో నెట్టుకొద్దాం" అన్నారు. ఎన్నాళ్ళు అని అడిగాను. "నెట్టుకొచ్చినన్నాళ్ళు" అన్నారు. డాక్టరు గారు మంచివారే. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేకపోయారు.

4. అప్పుడు నేను చెప్పినది, వారు చెప్పినది ఉన్నది ఉన్నట్టు రాయుచున్నాను.

"నాది తీసుకోండి" అన్నాను.

"ఏది?"

"కాలి నరం. ఒకటి చాలకపోతే రెండు కాళ్ళవీ తీసుకోండి."

"అలా కుదరదమ్మా. సొంత ఒంట్లోదే అయ్యుండాలి. వేరే మనిషిది పెడితే ఒళ్ళు ఒప్పుకోదు. కొన్ని నెలల్లోనే మూసుకుపోతుంది."

"కిడ్నీ ఇస్తే తీసుకుంటున్నారు కదండీ."

"అది వేరు, ఇది వేరు" అని, ఇంకా చెప్పబోయారు గానీ, బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోశారు. నన్ను పక్కకు జరగమన్నారు. జరిగాను.

5. "సొంత ఒంట్లోదే" అన్న మాట మీదనే నా అభ్యంతరము. భార్యను అర్ధాంగి అంటారు. అంటే సగం ఒళ్ళు. ఈ మాట నేను కుట్టినది కాదు, పెద్దలు కుట్టినది. శుభలేఖల్లో వేయడానికే గానీ అవసరానికి పనికిరాదంటే ఆ మాట ఎందుకు? అది కూడా వద్దనుకుంటే తమ ఆసుపత్రి కాగితాలే చూడండి. మొదటి బైపాస్ రోజున ఆయన మత్తులో ఉన్నారు. ఛాతీ కోయడానికీ, కాలు కోయడానికీ, ఏం జరిగినా మాదే బాధ్యత అనడానికీ సంతకం ఎవరు పెట్టారు? నేను పెట్టాను. ఆ రోజు ఆయన ఒంటికి నా చేవ్రాలు చెల్లింది. చేవ్రాలు చెల్లినప్పుడు నరం ఎందుకు చెల్లదో తమరే సెలవివ్వాలి.

6. నా కాళ్ళ యోగ్యత గురించి. గుండీలు తెస్తానని ఇంట్లో చెప్పి, స్కానింగ్ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి "ఏమిటమ్మా బాధ?" అన్నాడు. బాధేమీ లేదన్నాను. "వాపా, నొప్పా?" ఏదీ లేదన్నాను. "బాగున్న కాళ్ళకు స్కానింగ్ ఎందుకమ్మా?" అన్నాడు. బాగున్నాయని రాసివ్వడానికే బాబూ అన్నాను. ఏమనుకున్నాడో, చల్లటి జిగురు రాసి చూడటం మొదలుపెట్టాడు. మిషను తొక్కిన కాళ్ళు కదా, "నరాలు భేషుగ్గా ఉన్నాయమ్మా, ఎక్కడా వంకర లేదు" అన్నాడు. అక్కడే ఏడుపొచ్చేసింది. "బాగున్నాయనే కదమ్మా చెప్పాను" అని ఆ అబ్బాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. రిపోర్టు దీనితో జతపరచడమైనది. ఇంత మంచి నరం నా దగ్గర ఊరికే పడి ఉన్నది. ఆయన గుండెకు జానెడు ముక్క లేదు.

7. ఈ అంశం రాయవద్దని గుమాస్తా గారు గట్టిగా చెప్పారు. రాయకపోతే తమకు సంగతి అర్థం కాదు. ఆ రోజు డాక్టరు గారి గది నుంచి బయటికి వచ్చేసరికి ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. "ఏమన్నారే?" అన్నారు. నోటికి ఎలా వచ్చిందో తెలియదు, "నరం దొరికింది" అన్నాను. "ఎక్కడ?" అన్నారు. "నా కాల్లో" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఇక నా గుండె కూడా నీ మాటే వింటుందన్నమాట" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

ఆ రోజు నుంచి నన్ను మిషను తొక్కనివ్వడం లేదు. కాలు కింద లైనింగు గుడ్డల మూట పెట్టి ఎత్తుగా ఉంచమంటారు. "కోసినాక కాలు కిందికి వేలాడేయకు. ఎర్రబడితే దాచుకోకు, నేను దాచుకునే తెచ్చుకున్నాను" అని పాఠం చెబుతారు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ "మా ఆవిడకు ఆపరేషనండీ, బట్టలు ఆలస్యమవుతాయి" అంటున్నారు. వాళ్ళు నా వైపు తిరిగి "నీకేమైందమ్మా?" అని జాలిగా అడుగుతున్నారు. నేనేమని చెప్పను? రోజూ పొద్దున లేవగానే "తేదీ ఇచ్చారా?" అని అడుగుతారు. ఇస్తారండీ అంటున్నాను.

8. కావున తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నా నరము కొన్ని నెలల్లో మూసుకుపోతుందని డాక్టరు గారు అన్నారు. అలాగే కానివ్వండి. ఆ కొన్ని నెలలే నేను అడుగుచున్నాను. ఆ కొన్ని నెలల తర్వాత ఏమిటని తమరు అడుగుతారు. రెండో కాలు ఉన్నది. ఇది తెలివితక్కువ మాట అని నాకూ తెలుసు. పదో తరగతి దాకా చదివాను. అయినా ఇంట్లో కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండటం నా చేత కావడం లేదు. నాకు భయంగా ఉంది. ఆయన ముందు నడుస్తుంటే వెనక నడుస్తూ, ఎక్కడ ఆగుతారో అని వీపు చూస్తూ ఉంటాను. గుమాస్తా గారు చెప్పిన హద్దు దాటిపోయాను, తెలుస్తూనే ఉన్నది.

నా నరము ఏ విధంగానూ పనికిరాదని తేలిన పక్షమున, ఇంకో పెద్ద ఆసుపత్రి డాక్టర్లకైనా ఆయన కాగితాలు పంపి, మేము చూడని నరం ఏదైనా ఆ ఒంట్లో మిగిలి ఉన్నదేమో వెతికించవలెను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఉండకపోదు.

ఈ నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కటింగ్ మాస్టరు గారి భార్య

జతపరచినవి: నా రెండు కాళ్ళ స్కానింగ్ రిపోర్టు.

తా.క.: పై అర్జీ నిన్న రాసి, మడిచి, మిషను సొరుగులో పెట్టాను. ఇవాళ పొద్దున ఆయన తేదీ సంగతి అడగలేదు. పక్కన కూర్చుని, "బాగా ఆలోచించాను. నీ కాలు కొయ్యనివ్వను. నాకీ ఆపరేషను వద్దు" అన్నారు.

"మీకేమైనా మతి పోయిందా, ప్రాణం సంగతండీ అది" అన్నాను.

"ప్రాణం నాది, కాలు నీది. ఇంతకాలం నా కుడి కాలితో ఏం పడ్డానో నాకు తెలుసు, అది నీకు తెలియనక్కర్లేదు. సోమవారం ఓపీకి వెళ్ళి డాక్టరు గారితో నేనే చెబుతాను. నువ్వు మధ్యలో మాట్లాడకు" అన్నారు. చెప్పి, లేచి వెళ్ళి, కూనిరాగం తీస్తూ ఒక చొక్కా కత్తిరించారు. మధ్యలో ఆగలేదు. యాంజియోగ్రామ్ తర్వాత ఆయన మొహం ఇంత తేటగా ఉండగా నేను చూడలేదు. నా కాలు నాకు తానే తిరిగి ఇచ్చేశానని ఆయన అనుకుంటున్నారు.

అయ్యా, సోమవారం ఆయన వెళ్ళి ఆపరేషను వద్దంటే, డాక్టరు గారు "ఏ ఆపరేషను?" అంటారు. ఆ మాట ఆయన వినకూడదు. పై అర్జీని నేను ఉపసంహరించుకోవడం లేదు, నా కాళ్ళు ఇప్పటికీ సిద్ధమే. కానీ అది తమ వల్ల కాదనుకుంటే, నరం మాట ఎవరూ ఎత్తకుండా, "రోగి తన ఇష్టముతో నిరాకరించినందున ఆపరేషను నిలిపివేయడమైనది" అని ఒక్క ముక్క రాయించి, ముద్ర వేయించి, ఆయన చేతికే ఇప్పించండి. లేదన్నది తమరు కాకూడదు, వద్దన్నది ఆయనే అయి ఉండాలి. ఇంకేమీ అడగను. సోమవారం పొద్దున్నే వస్తాము. ఆ లోపల డాక్టరు గారికి ఒక్క మాట చెప్పి ఉంచండి.